అద్దె గుండెలు

ఆట 6. తెప్ప 0, రాళ్ళపేట 3

ఈ ఏడు గట్టు పుస్తకం రాసే వంతు నాది. ప్రతి ఆట తరువాత ఉత్తర గట్టు మీద కూర్చునే వాళ్ళలో ఒకరు ఆ రోజు ఏం జరిగిందో రాసి పెట్టాలని, మా తెప్ప క్లబ్బు పుట్టినప్పటి నుంచీ ఆనవాయితీ. మొదటి అయిదు ఆటలూ నేను రాయలేదు. ఓడిన ఆట గురించి రాయడానికి కూర్చుంటే ఇంకోసారి ఓడినట్టు ఉంటుంది. ఇవాళా ఓడిపోయాం గానీ, కాసులమ్మప్ప తిట్టింది కనుక రాస్తున్నాను.

పొద్దున మూడో తూము పంపులకి జెల్లీ చేపలు అడ్డం పడ్డాయి. వలలు పైకి లాగి, పారలతో గీకి, మళ్ళీ దించేసరికి మధ్యాహ్నం దాటింది. పంపులు ఆగితే మా ఊరు కొత్తరేవు కింది అంతస్తుల్లోకి సముద్రం వచ్చేస్తుంది. ఆట ఉందని పని వదిలి రావడానికి లేదు. ఒంటి నిండా ఆ జిగురుతోనే మైదానానికి పరిగెత్తాను. గట్టెక్కి, నాడిపట్టీ మణికట్టుకి చుట్టుకుని, మీట నొక్కి, ఆకుపచ్చ దీపం వెలిగేదాకా ఊపిరి బిగబట్టాను. దీపం వెలిగిందంటే నా గుండె మైదానంలోకి చేరినట్టే. గట్టు మీది వాళ్ళందరి గుండెలూ కలిసి, ఆటగాళ్ళు రొమ్ము మీద అతికించుకున్న బిళ్ళల్లో కొట్టుకుంటాయి. లీగు ఈ పట్టీలు తెచ్చిన కొత్తలో, ఇన్నాళ్ళకి మన అరుపులకి విలువొచ్చిందని అందరం మురిసిపోయాం.

మా గోల్‌కీపర్ పైడి నా కూతురు. రక్తం పంచుకున్న వాళ్ళ గుండెని బిళ్ళ ముందు పట్టుకుంటుందని అంటారు. అందుకే ఆటకి ముందు నేను చన్నీళ్ళు తాగి, మెల్లగా ఊపిరి తీసి, నాలో నేను ఏవేవో లెక్కలు చెప్పుకుంటాను. ఏం లాభం లేదు. రాళ్ళపేట వాళ్ళకి కార్నర్ వచ్చేసరికి గుండె గొంతులోకి వచ్చి కూర్చుంది. బంతి పైడి చేతుల్లోకే వచ్చింది. వచ్చి జారిపోయింది.

"ఒరే దానేసూ, నీ కూతురు సేతులకి నూని రాసుకొచ్చిందేట్రా?" అన్నాడు పక్కనున్న కూర్మారావు. చిన్నప్పటి నుంచీ నాతో గట్టెక్కుతున్నవాడు.

"ఆ నూని నీ నోటికే రాసినట్టుందిరా, మాటలు జారిపోతన్నాయి," అంది కింది మెట్టు నుంచి కాసులమ్మప్ప. ఊళ్ళు మునిగిన కాలంలో జనం తెప్పల మీద బతికినప్పుడు, తెప్పలన్నీ కలిపి కట్టి ఆడిన మొదటి ఆట చూసిన మనిషి ఆమె. ఆ రోజు కూడా మనవాళ్ళు ఓడిపోయారని, బంతి సముద్రంలో పడిపోయిందని చెబుతుంది. ఆమె దగ్గర ఓటమి గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడలేరు.

ఆట అయ్యాక అందరం నా భార్య రవణమ్మ అంగడి దగ్గర చేరి వేడి రొయ్యల వేపుడు తిన్నాం. ఓడిన రోజు వేపుడు రుచి ఎక్కువని కూర్మారావు అంటాడు. ఆ లెక్కన మా ఊళ్ళో రుచికి కొదవ లేదు.

ఆట 8. తెప్ప 1, కంచరపాడు 2

క్లబ్బును ఎవరో పై ఊరి వాళ్ళు కొన్నారు. వాళ్ళు పంపిన నిఖిల అనే అమ్మాయి ఇవాళ ఆట అయ్యాక నన్ను గదిలోకి పిలిచింది. పైడి కంటే ఓ నాలుగేళ్ళు పెద్దదేమో. మర్యాద తెలిసిన పిల్ల. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, గోడ మీది తెర వెలిగించింది. తెర మీద రెండు గీతలు కదులుతున్నాయి.

"ఈ ఎర్ర గీత మీ గుండె, దానేసుగారూ. నీలం గీత పైడిది. ఇక్కడ చూడండి, కార్నర్ వచ్చింది. ముందు మీది లేచింది. వెంటనే అమ్మాయిది లేచింది. బంతి ఇంకా రానే లేదు."

చూశాను. ఎర్ర గీత అల ముందు పారిపోయే పీతలాగ ఎగిరిపడుతోంది. దాని వెనకే నీలం గీత.

"ఆ అమ్మాయి చేతులు చాలా మంచివి. ఆ చేతుల్లోకి మీ భయం పోతోంది. తప్పుగా అనుకోకండి. ఒక్క ఆటకి పట్టీ తీసేసి చూద్దామా?"

తప్పుగా ఎలా అనుకుంటాను? ఇన్నేళ్ళుగా ఆ పిల్లకి బలం ఇస్తున్నానని అనుకున్నాను. సరేనని చెప్పి ఇంటికొచ్చాను. రవణమ్మ రొయ్యలు ఒలుస్తోంది. విషయం చెప్పాను.

"నీ గుండె సంగతి నన్నడిగితే ఊరికే సెప్పీదాన్ని కాదేటి? దానికి ఇంత తెరా బొమ్మా ఎందుకు?" అంది. తను మాత్రం పైడి ఆడే ఆట ఒక్కటి కూడా చూడలేదు. ఆట ఉన్నంతసేపూ అంగడి తలుపు మూసుకుని చేపలు కోస్తుంది.

ఆట 9. తెప్ప 1, ఉలవపాలెం 0

గెలిచాం. ఈ ఏడు మొదటి గెలుపు.

పట్టీ జేబులో పెట్టుకుని కూర్చున్నాను. చెయ్యి తేలిగ్గా, పరాయిదిలాగా ఉంది. ఉలవపాలెం వాళ్ళు ఎన్నిసార్లు గోలు మీదికొచ్చారో. పైడి అన్నీ పట్టేసింది. ఆఖరి ఈల వినగానే కూర్మారావు నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. నేనూ అరిచాను. నేను లేకపోవడమే ఈ గెలుపుకి కారణమని ఆ గట్టు మీద నాకొక్కడికే తెలుసు.

ఆట అయ్యాక పైడి కంచె దగ్గరికి వచ్చి ముందు నా చేతికేసి చూసింది.

"పట్టీ ఏది నాన్నా?"

"పాడయిందమ్మా."

నా జేబుకేసి ఒకసారి చూసి వెళ్ళిపోయింది. నమ్మలేదని తెలిసింది.

ఆట 12. తెప్ప 3, సీమకొండ 0

ఇప్పుడు గట్టు మీద ఎవరూ పట్టీ పెట్టుకోవడం లేదు. నా ఒక్కడి గుండెతో మొదలైన వ్యవహారం అందరికీ పాకింది. ఏళ్ళ తరబడి ఓటమి చూసినవాళ్ళ గుండెలన్నీ ఒకే తీరట. మనవాళ్ళు గోలు కొట్టినా, ఇంకేం కొంప మునుగుతుందోనని దడదడలాడతాయట. ఎంత పాతవాళ్ళయితే అంత భయమని నిఖిల మా అందరినీ కూర్చోబెట్టి మెల్లగా చెప్పింది. బదులుగా క్లబ్బు వాళ్ళు గుండెలు అద్దెకి తెచ్చారు. ఎక్కడో మెట్ట మీద ఒక హాల్లో కూలికి వచ్చినవాళ్ళు కూర్చుని అల్లికలు చేసుకుంటారట, బీన్స్ ఒలుచుకుంటారట. వాళ్ళకి మన ఊరి పేరు తెలీదు. ఫుట్‌బాల్ అంటే ఇష్టమూ లేదు, కోపమూ లేదు. వాళ్ళ నిమ్మళమైన గుండెలు ఇప్పుడు మన పిల్లల రొమ్ముల మీద కొట్టుకుంటున్నాయి.

వరసగా నాలుగో గెలుపు. వేపుడు దగ్గర పెద్ద గొడవయింది.

"గెలుస్తన్నాం కదా! ఎవుడి గుండె అయితే మనకేటి?" అన్నాడు కూర్మారావు. "మా అయ్య ఒక్క కప్పు కూడా సూడకుండా పోనాడు. నేనూ అలాగే పోవాలేటి?"

"కప్పు ఎత్తినప్పుడు ఎవులికి దణ్ణం పెడతావురా? ఆ బీన్సు ఒలిసేవోళ్ళకా?" అంది కాసులమ్మప్ప.

"పెడతాను. తప్పేటుంది? నీ గుండెతో ఇన్నేళ్ళు ఆడి ఏటి గెలిసేం?"

ఆమె వేపుడు పొట్లం మడిచి, కర్ర అందుకుని వెళ్ళిపోయింది. ఇద్దరి మాటా నాకు సబబుగానే తోచింది.

ఆట 15. తెప్ప 2, పూడిమడక 0

లీగు రెండో అంచె నుంచి పైకెళ్ళే జట్ల వరసలోకి వచ్చేశాం. రాస్తుంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు. పంపుల దగ్గర తోటివాళ్ళు నన్ను చూసి లేచి నిలబడుతున్నారు. వంతెన మీద ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు "పైడి నాన్నగారు కదూ" అని చేతులు పట్టుకున్నాడు. సిగ్గు లేకుండా పొంగిపోయాను.

మైదానం నిండిపోతోంది. పై ఊళ్ళ నుంచి, గాలిలో తీగల మీద నడిచే తీగబండ్లలో జనం దిగుతున్నారు. మడత నలగని కొత్త చొక్కాలు. తెర మీద చూసి మన పాటలు పాడతారు. కాసులమ్మప్ప మెట్టు మీద ఎవరో కుర్రజంట కూర్చున్నారు. ఆమె కర్ర పట్టుకుని వాళ్ళ పక్కనే నిలబడి ఆట చూసింది. నేను లేచి నా చోటిస్తానంటే వద్దంది.

ఇవాళ రాయవలసింది ఇది కాదు. రాత్రి భోజనాల దగ్గర పైడి తలెత్తి, "ఇవాళ ఎంతకి గెలిచాం నాన్నా?" అని అడిగింది.

వేళాకోళం అనుకున్నాను. కాదు. సగం ఆటలో తను గాలిలోకి ఎగిరి వేళ్ళ కొసలతో తప్పించిన బంతి గురించి చెప్పాను. అలాంటిది నేను జీవితంలో చూడలేదు. "అవునా?" అంది, ఎవరి గురించో చెబుతున్నట్టు. చారు కలుపుకుని తినేసి, చెయ్యి కడుక్కుని పడుకుంది. తల ఆన్చీ ఆన్చకముందే నిద్రపోయింది. చిన్నప్పటి నుంచీ ఆట ముందూ ఆట తరువాతా నిద్ర లేక నా మంచం చుట్టూ తిరిగే పిల్ల.

"బాగా నిద్రపోతంది," అన్నాను రవణమ్మతో.

"మరీ బాగా నిద్రపోతంది," అంది ఆమె.

ఆట 16 తరువాత మంగళవారం

ఆట గురించి కాదు. అయినా రాస్తున్నాను.

సాయంత్రం పోటు ఎక్కువై రెండో తూము తలుపు కదిలింది. అంగళ్ళ వీధిలో సైరన్ మోగింది. నేను అప్పుడే పని దిగి వస్తున్నాను. జనం మెట్లెక్కి పరుగెడుతున్నారు. బుట్టలు, కోళ్ళు, చంకల్లో పిల్లలు. రవణమ్మ పొయ్యి ఆర్పి, నూనె బాణలి అక్కడే వదిలేసి పైకి వచ్చేసింది.

"పైడేదీ?" అని అరిచింది.

"నీతో లేదా?"

"నా వెనకాలే ఉంది!"

కిందికి దిగాను. వీధిలో నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. నల్లటి నీళ్ళు, మీద తేలే రొయ్య తొక్కలు. పైడి అంగడి ముందు నిలబడి ఉంది. పారిపోలేదు, చిక్కుకుపోనూ లేదు. బల్ల మీది గిన్నెలు ఒకదాంట్లో ఒకటి బోర్లించి వరసగా పేర్చుతోంది. వీధి చివర తలుపు సందులోంచి సముద్రం బుసకొడుతూ వస్తోంది.

"పైడీ!"

"ఆఁ, వస్తున్నా నాన్నా. ఇవి ఒక్కటీ సర్దేసి."

జబ్బ పట్టుకుని ఈడ్చుకొచ్చాను. వాళ్ళమ్మ ఇద్దరినీ పట్టుకుని ఏడ్చింది. పైడి ఆమె వీపు నిమిరింది. వర్షానికి తడిసి వచ్చిన మనిషిలా బట్టలు పిండుకుంటూ, "ఎందుకమ్మా అంత కంగారు?" అంది. ఆ గొంతు విని నాకు నీళ్ళలో కంటే ఎక్కువ భయం వేసింది.

మర్నాడు నిఖిల దగ్గరికి వెళ్ళాను. అది విని ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. బిళ్ళ తీసేశాక కూడా ఆ నెమ్మది కొంతకాలం ఒంట్లో నిలుస్తుందని తెలుసునట, ఇంత ఉంటుందని అనుకోలేదట. "ఆటలు అయిపోతే మెల్లగా తగ్గిపోవాలి," అంది. "తగ్గిపోతుంది" అనలేదు. ఎవరి గుండె తీసుకోవాలో, అసలు తీసుకోవాలో వద్దో, లీగు నియమం ప్రకారం ఆటగాళ్ళ ఇష్టమేనని, పైడి అడిగితే ఎవరూ కాదనలేరని మాత్రం చెప్పింది.

ఇంటికి వచ్చి పైడిని కూర్చోబెట్టాను.

"ఆ అద్దె గుండెలు మానేయమ్మా. ఓడిపోతే పోనీ."

నా మొహంలోకి చూసింది. కోపం లేదు. అదే నాకు మరీ కష్టంగా ఉంది.

"నాన్నా, ఒక మాట చెప్పనా? భయం లేకపోతే ఎంత సుఖంగా ఉందో నీకు తెలీదు. నీ భయం నేను ఇన్నేళ్ళు మోశాను. పట్టీలు రాకముందు కూడా మోశాను. గోలులో నిలబడి వెనక్కి చూడకుండానే నువ్వెలా ఉన్నావో చెప్పేదాన్ని. ఇప్పుడా బరువు లేదు."

లేచి పంపుల దగ్గరికి వెళ్ళిపోయాను. ఆ పూట నా పని కాదు. అయినా వెళ్ళి, శుభ్రంగా ఉన్న వలలనే మళ్ళీ గీకాను.

ఆట 19. తెప్ప 1, భైరవకోన 0

గెలిచాం. ఇక మిగిలింది ఒక్క ఆట. మెట్టనగరం వాళ్ళ మీద డ్రా చేసుకున్నా చాలు, మొదటి అంచెకి వెళ్ళిపోతాం. ఊరంతా నీలం గుడ్డలు కట్టారు. పంపుల గొట్టాలకి కూడా నీలం రంగు పూశారు.

రెండో సగంలో భైరవకోన ఫార్వర్డ్ దూసుకొచ్చాడు. పైడి వాడి కాళ్ళ మీదికి దూకి బంతి లాగేసుకుంది. జనం లేచి అరిచారు. పైడి లేచింది, బంతి విసిరింది. ఆ చేతి చిటికెన వేలు పక్కకి విరిగి వేలాడుతోంది. గట్టు మీదికి స్పష్టంగా కనిపించింది. పైడి మొహంలో మాత్రం ఏమీ లేదు. డాక్టరు పరిగెత్తుకొచ్చి పట్టుకునేదాకా అలాగే నిలబడింది. ఎర్ర చొక్కాలూ నీలం చొక్కాలూ అందరూ చప్పట్లు కొట్టారు. "ఇనుప పిల్ల" అన్నాడు నా వెనక ఎవడో. నేను తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను.

సాయంత్రం కట్టుతో ఇంటికొచ్చింది. గుమ్మంలోనే కూలబడింది.

"నొప్పి తెలిసింది నాన్నా," అంది. "నొప్పి పుడితే చెయ్యి వెనక్కి లాక్కోవాలని తట్టలేదు. ఆ వేలు నాది కాదేమో అన్నట్టు చూస్తూ ఉండిపోయాను." కొంచెం ఆగి, "మొన్న నీళ్ళు వచ్చినప్పుడు కూడా అలాగే నిలబడ్డాను కదూ?" అంది.

రవణమ్మ ఆమె తల ఒళ్ళోకి తీసుకుంది.

"ఆఖరాటకి పట్టీ పెట్టుకో నాన్నా. నీ గుండె తీసుకుంటాను."

ఇన్నాళ్ళూ ఆ మాట కోసమే కదా కాచుకుని ఉన్నాను. అడిగేసరికి చెమటలు పట్టాయి.

"నా వల్ల గోలు పడితే? ఊరు ఊరంతా..."

"పడితే పడుద్ది. నాకు మళ్ళీ భయం కావాలి. ఎక్కడ దొరుకుద్దో నాకు తెలుసు."

తల్లి ఒళ్ళో పడుకునే కాస్త నవ్వింది. ఆ నవ్వులో పాత పైడి కొంచెం కనిపించింది.

ఈ సంగతి గట్టు మీద దాచి ఉంచడం నా వల్ల కాలేదు. కూర్మారావుకి చెప్పాను.

"దానేసూ, అది నాకూ కూతురే," అన్నాడు. "అయినా అడగతన్నాను. ఈ ఒక్క ఆట అయిపోనిచ్చి మానేస్తే కాదేట్రా? ఒక్క ఆట!"

ఏడుస్తున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. నా తువ్వాలు వాడి చేతిలో పెట్టి వచ్చేశాను.

ఆఖరి ఆట. తెప్ప 1, మెట్టనగరం 1

మొదటి సగం నేను పట్టీ పెట్టుకోలేదు. పెట్టుకున్నాను, మీట నొక్కలేదు. పైడి వేలి కట్టు మీదే చేతొడుగు వేసుకుని గోలులో నిలబడి రెండుసార్లు గట్టుకేసి చూసింది. ఆమె అద్దె గుండెల్ని వద్దన్నదని, రొమ్ము మీది బిళ్ళ ఖాళీగా ఉందని నాకు తెలుసు. నా కోసం ఖాళీగా ఉంది. నా వేలు మీట మీద ఉంది. వేలు నొక్కడం లేదు.

మనవాళ్ళు ముందు గోలు కొట్టారు. ఆ వెంటనే వాళ్ళు సమం చేశారు. పైడి తప్పేం లేదు, బంతి ఎవరికో తగిలి పక్కకి మళ్ళింది. అయినా ఆమె భుజాలు కుంగాయి.

"ఎందుకురా ఆ పట్టీ అలా పిసుకుతన్నావు?" అంది కాసులమ్మప్ప. ఇవాళ మా మెట్టు మీద మా పక్కనే ఇరుక్కుని కూర్చుంది.

"నా భయం దానికి అంటుకుంటుందప్పా."

"నీ భయం దానికి కొత్తేటి? తొలిసారి నడిసినప్పుడు ఎనకాల ఎవులున్నారు? నువ్వే కదా, పడిపోద్దేమోనని రెండు సేతులూ సాపుకుని. అయినా నడిసింది కదా."

నొక్కాను. ఆకుపచ్చ దీపం వెలిగింది.

మైదానం అవతలి కొసన పైడి ఒక్కసారి ఉలిక్కిపడి, చేతులు దులుపుకుని, ఒక అడుగు ముందుకి వేసి మళ్ళీ వెనక్కి వచ్చింది. నిలకడ లేదు. నా గుండె ఉన్నట్టే ఉంది తను కూడా. తోటివాళ్ళ మీద అరుస్తోంది. ఎన్నో వారాలుగా ఆమె మైదానంలో నోరు విప్పలేదు. ఇప్పుడు ఆ గొంతు గట్టు దాకా వినిపిస్తోంది.

ఆట ఇంక ముగుస్తుందనగా మన కుర్రాడి చేతికి బంతి తగిలింది. పెనాల్టీ.

కూర్మారావు నా మణికట్టు మీది దీపం అప్పుడే చూశాడు. వాడి మొహం తెల్లబోయింది. నా చెయ్యి లాగి పట్టీ పీకేస్తాడనుకున్నాను. చెయ్యి పట్టుకున్నాడు గానీ పీకలేదు. గట్టిగా పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నా గుండె ఎంత కొట్టుకుంటోందంటే కళ్ళ ముందు వెలుగు అదురుతోంది. నెమ్మదించు, నెమ్మదించు అని దాన్ని బతిమాలుకున్నాను. వినలేదు.

మెట్టనగరం వాడు పరిగెత్తుకొచ్చాడు. వాడి కాలు బంతికి తగలకముందే పైడి కుడివైపు దూకేసింది. తొందరపడింది. బంతి ఎడమవైపు పోతోంది. అయిపోయిందనుకున్నాను. గాలిలో తేలిపోతున్న ఆమె ఎడమ కాలి మడమకి బంతి తగిలి, గోలు స్తంభానికి కొట్టుకుని, బయటికి పోయింది.

కాసేపటికి ఈల మోగింది. ఊరు హోరెత్తిపోయింది. మొదటి అంచె! కూర్మారావు చిన్నపిల్లాడిలా నేల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. కాసులమ్మప్ప కర్ర పైకెత్తి ఆడింది. నేను గట్టు మీదే వెల్లకిలా పడుకుండిపోయాను.

తరువాత నిఖిల వచ్చింది. నవ్వుతోంది గానీ నిజం దాచే పిల్ల కాదు. "మీ గుండె వల్లే అటువైపు దూకింది, దానేసుగారూ. ఆగి ఉంటే చేత్తోనే పట్టేది."

"మరి కాలికి తగిలింది కదమ్మా."

"అది అదృష్టం."

కావచ్చు. నా వల్ల గట్టెక్కామో, నేనున్నా కూడా గట్టెక్కామో ఎన్నటికీ తెలియదు. ఊరంతా తెల్లవార్లూ టపాకాయలు కాల్చారు. నేను ఒకసారి నవ్వుతూ, ఒకసారి ఊరికే కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూ గడిపాను.

ఆట అయిన రెండో రోజు

పైడికి భయం తిరిగొచ్చింది. పొద్దున బొద్దింకని చూసి కేకేసింది. రవణమ్మ పని వదిలేసి వచ్చి, ఆ కేక విన్నందుకు దేవుడికి మొక్కింది.

నేను సంతోషపడుతుండగా పైడి నా ఎదురుగా కూర్చుంది.

"వచ్చే ఏడు కూడా పట్టీ పెట్టుకుంటాననుకుంటున్నావు కదూ?"

"నువ్వు పెట్టమంటేనే."

"వద్దు నాన్నా."

అద్దె గుండెలకే పోతుందేమో అనుకున్నాను.

"అవీ వద్దు. ఎవరిదీ వద్దు. బిళ్ళే అతికించుకోను. మొన్న పెనాల్టీకి ముందు ఏది నీ భయమో ఏది నా భయమో తెలీలేదు. నాకంటూ ఎంత ఉందో ఒకసారి చూసుకోవాలి." నా చెయ్యి పట్టుకుని, పట్టీ విప్పి, నా అరచేతిలోనే పెట్టింది. "నువ్వు గట్టు మీదికి రా. రాకుండా ఉండొద్దు. ఊరికే వచ్చి కూర్చో."

సరే అన్నాను. ఇంకేమనను? నా గుండె తన దగ్గర ఉండటం బరువని ఒకసారి చెప్పింది, కావాలని ఒకసారి అడిగింది, ఇప్పుడు వద్దంటోంది. మూడూ నిజమే అయి ఉంటాయి.

కొత్త ఏడు, ఆట 1. తెప్ప 0, గోపాద్రి 4

ఈ ఏడు రాసే వంతు కూర్మారావుది. ఈ ఒక్క ఆటా నేను రాస్తానని అడిగి తీసుకున్నాను.

మిగతా పదిమందీ అద్దె గుండెలతోనే దిగారు. క్లబ్బు వాళ్ళు గట్టు పట్టీలన్నీ వెనక్కి తీసుకున్నారు. బిళ్ళ లేని గోల్‌కీపర్‌ని దించాలా వద్దా అని ఆఖరి క్షణం దాకా తర్జనభర్జన పడ్డారట. ఇంకో మంచి కీపర్ లేక దించారు. గోపాద్రి వాళ్ళు మొదటి అంచెలో పండిపోయినవాళ్ళు. ఈల మోగీ మోగకముందే మన గోలు ముందర ఉన్నారు.

మొదటి కార్నర్‌కి అలవాటు ప్రకారం ఊపిరి బిగబట్టి, నాలో నేను లెక్కలు మొదలుపెట్టాను. సగంలో ఆగిపోయాను. ఎవరి కోసం? చేతికి ఏమీ లేదు. నా గుండె నా ఒంట్లోంచి ఎక్కడికీ పోవడం లేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి నేను ఎంత భయపడినా ఎవరికీ నష్టం లేదు.

ఇక పట్టపగ్గాల్లేకుండా భయపడ్డాను. కళ్ళు మూసుకున్నాను, లేచి నిలబడ్డాను, కూర్మారావు చొక్కా చింపాను. గట్టు మీద పాతవాళ్ళందరూ అదే వరసలో ఉన్నారు. కొత్త చొక్కాల వాళ్ళు మూడో గోలు పడగానే తీగబండ్ల వైపు నడిచారు. వాళ్ళు వెళ్ళాక కాసులమ్మప్ప తన మెట్టు మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, రిఫరీ తల్లినీ తాతనీ పేరు పేరునా తలుచుకుంది.

పైడికి నాలుగు పడ్డాయి. ఒకటి తన తప్పే. మొదటి సగంలో చేతులు వణకడం ఇక్కడికి కనిపించింది. ఆ తరువాత వణకలేదో, వణుకుతూనే ఆడిందో, చెప్పలేను. ఇంకో అయిదారు తప్పించింది.

ఆట అయ్యాక ఒళ్ళంతా బురదతో కంచె దగ్గరికి వచ్చింది. విరిగి అతికిన వేలు కొంచెం వంకరగా ఉంది.

"ఎలా ఉన్నావు నాన్నా?"

"పేనం పోయిందే. నాలుగుసార్లు పోయింది."

"నిజంగా?" అంది. "నాకేం తెలీలేదు."

ఆ మాట అంటూ నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె లోపలికి వెళ్ళిపోయాక కూడా కంచె పట్టుకుని అక్కడే నిలబడ్డాను, కూర్మారావు వచ్చి, చిరిగిన చొక్కాకి డబ్బులివ్వరా అంటూ నన్ను వేపుడు దగ్గరికి లాక్కెళ్ళేదాకా.